చుక్క చిన్నదే... లెక్క పెద్దది

పిల్లల హోంవర్కులో దశాంశాలు రాగానే చాలా ఇళ్లలో కేకలు, కన్నీళ్లు మొదలవుతాయి. ఆ చుక్కను పిల్లలు ఎందుకు తప్పుగా చదువుతారో తెలిస్తే మన కోపం సగం తగ్గుతుంది. అదే చుక్కను పెద్దవాళ్లం మందు సీసా మీద తప్పుగా చదివితే ఏమవుతుందో తెలిస్తే, ఈ లెక్కకు మరో పది నిమిషాలు ఇవ్వాలనిపిస్తుంది.

ఆ రోజు ఓపీ, వార్డు రౌండు ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడయింది. మా అమ్మాయి ఆరో తరగతి. లెక్కల నోటుబుక్కు తెరిచి పెట్టుకుని నాకోసం చూస్తోంది. ‘0.45, 0.6లలో ఏది పెద్దది?’ అన్నది ప్రశ్న. తను 0.45 అని రాసింది.

‘‘తప్పు, మళ్లీ చూడు’’ అన్నాను.

‘‘నలభై అయిదు, ఆరుకన్నా పెద్దదే కదమ్మా!’’

‘‘చివర సున్నా పెట్టుకోవాలని మీ టీచర్ చెప్పలేదా? 0.60 అని రాసుకో. ఇప్పుడు చూడు.’’

సున్నా పెట్టింది, జవాబు మార్చింది. తర్వాతి ప్రశ్నలో 0.3, 0.125 ఉన్నాయి. మళ్లీ 0.125 పెద్దదని రాసింది. ‘‘ఇప్పుడే కదా చెప్పాను!’’ నా గొంతు పెరిగింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. కడుపులో నొప్పిగా ఉందంటూ లేచి వెళ్లిపోయింది. రోజూ వంద మంది రోగులకు ఓపిగ్గా చెప్పే నాకు, ఇంట్లో పది నిమిషాల ఓపిక లేకపోయింది.

అదే వారం నైట్ డ్యూటీలో ఉండగా ఓ కుటుంబం పది వారాల పసిబిడ్డతో క్యాజువాలిటీకి వచ్చింది. టీకా వేయించాక జ్వరం వస్తే ఇవ్వమని ఓ క్లినిక్‌లో పారాసిటమాల్ చుక్కల మందు రాశారు. చీటీలో ‘.7 మి.లీ.’ అని ఉంది. చుక్క ముందు సున్నా లేదు. కాగితం మడత సరిగ్గా ఆ చుక్క మీదే పడింది. తండ్రి దాన్ని 7 మి.లీ.గా చదివాడు. డ్రాపర్‌లో పట్టేది 1 మి.లీ. మాత్రమే. రెండుసార్లు పోసి, మూడోసారి నింపుతుంటే బిడ్డ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ‘‘ఇంత పసిగుడ్డుకు ఏడుసార్లు పోస్తావట్రా? ఆగు, ఆసుపత్రికి పోయి అడుగుదాం’’ అని బయల్దేరదీసింది.

ఆ చుక్కల మందులో మి.లీ.కు 100 మి.గ్రా. పారాసిటమాల్ ఉంటుంది. పిల్లలకు ఒక్కో డోసు, కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. బిడ్డ బరువు 5 కిలోలు. అంటే 50 నుంచి 75 మి.గ్రా. చాలు. 0.7 మి.లీ. అంటే 70 మి.గ్రా.; సరైన డోసే. 7 మి.లీ. అయితే 700 మి.గ్రా. పది రెట్లు! కాలేయానికి ప్రమాదమని మేం కంగారు పడాల్సిన స్థాయి అది. బిడ్డకు అందింది 2 మి.లీ. కాబట్టి, పిల్లల డాక్టర్ పర్యవేక్షణలో ఉంచి, ఏ ఇబ్బందీ లేదని తేలాక ఇంటికి పంపించాం.

ఆ రాత్రి నన్ను ఆలోచింపజేసింది నాయనమ్మ. తండ్రి డిగ్రీ చదివాడు. దశాంశాల కూడికలు, గుణకారాలు పరీక్షల్లో చేసి పాసైనవాడే. ఆవిడ బడి మొహం చూడలేదు. కానీ ‘ఇంత ఉంటుందా?’ అన్న అనుమానం ఆవిడకే వచ్చింది. నేను మా అమ్మాయికి సున్నా పెట్టడం నేర్పాను. ఆ అంకె అసలు ఎంత ఉంటుందో మాత్రం చూపించలేదు.

తప్పు వెనకా ఓ తర్కం ఉంటుంది

రోగి చెప్పేది వినకుండా మందు రాయకూడదన్నది మాకు మొదట నేర్పే పాఠం. హోంవర్కుకూ అదే వర్తిస్తుంది. పిల్లలు దశాంశాలను గాలికి తప్పు చేయరు. వాళ్లకు అప్పటివరకు తెలిసిన విషయాన్నే ఇక్కడా వాడతారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కే స్టేసీ, విక్కీ స్టైన్లే బడి పిల్లల మీద ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లోనూ ఇలాంటి అపోహలే బయటపడ్డాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు.

పొడవైనదే పెద్దది: 45 పెద్దది కాబట్టి 0.45 పెద్దదనుకోవడం. మా అమ్మాయిది ఇదే. ఒకటో తరగతి నుంచి ‘ఎక్కువ అంకెలుంటే పెద్ద సంఖ్య’ అనే చదివింది మరి.

పొట్టిదే పెద్దది: పదోవంతు కన్నా నూరోవంతు చిన్నదని విన్న పిల్లలు, 0.45 కన్నా 0.3 పెద్దదనుకుంటారు. సగం అర్థమైన పాఠం ఇది.

సున్నాకు విలువ లేదు: 2.05ను, 2.5ను ఒకటేననుకోవడం. ఇది పెద్దవాళ్లలోనూ ఉంది. పుట్టిన బిడ్డ బరువు 2.05 కిలోలైతే ‘రెండు పాయింట్ అయిదు’ అని చెప్పేవాళ్లను చూస్తుంటాం. రెండింటికీ తేడా 450 గ్రాములు. 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. కాబట్టి ఆ ఒక్క సున్నా వినపడకపోతే కష్టమే.

అందుకే జవాబు తప్పు కాగానే సరిచేయకండి. ‘‘ఎలా వచ్చింది, నాకూ చెప్పు’’ అని అడగండి. సరైన జవాబు వచ్చినప్పుడూ అడగండి. 0.75, 0.3లలో ఏది పెద్దదంటే ‘పొడవైనదే పెద్దది’ అనుకునే పిల్లలు కూడా 0.75 అనే చెబుతారు. జవాబు సరైనదే, ఆలోచనే తప్పు. టిక్కు పెట్టి వదిలేస్తే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. 0.45ను ‘సున్నా పాయింట్ నలభై అయిదు’ అని చదవకండి. ‘సున్నా పాయింట్ నాలుగు అయిదు’ అని చదవండి. ‘నలభై అయిదు’ అని మనమే అంటూ, అది ఆరుకన్నా చిన్నదంటే పిల్లలు ఎలా నమ్ముతారు?

వంటింట్లో కొలిచి చూపించండి

మర్నాడు కాటా తీశాను. కంది పప్పు ఒక గిన్నెలో 125 గ్రాములు, మరో గిన్నెలో 300 గ్రాములు తూయించాను. ‘‘ఇది 0.125 కిలో, అది 0.3 కిలో. ఏది ఎక్కువ?’’ అంటే నవ్వేసింది. నేను అంతకుముందు రోజు అరిచి చెప్పలేనిది రెండు గిన్నెలు చెప్పేశాయి.

కాటా లేకపోతే స్కేలు తీసుకోండి. ఒక సెంటీమీటరును పది గీతలు పది సమాన భాగాలు చేస్తాయి. 0.6 సెంటీమీటరు అంటే ఆరు చిన్న గీతలు. 0.45 అంటే నాలుగు గీతలు దాటి, అయిదో గీతకు సగం దూరం. లేదా కాగితం మీద పది వరుసలు, వరుసకు పది గళ్ల చొప్పున వంద గళ్లు గీయించండి. మొత్తం కలిపి ఒకటి. ఒక వరుస పదోవంతు, ఒక గడి నూరోవంతు. 0.6కు ఆరు వరుసలు, 0.45కు నాలుగు వరుసలు, మరో అయిదు గళ్లు రంగు వేయమంటే తేడా కంటికి కనిపిస్తుంది. 0.6, 0.60 రెండూ ఒకటే ఎందుకయ్యాయో కూడా అప్పుడే అర్థమవుతుంది: ఆరు వరుసలన్నా, అరవై గళ్లన్నా అదే రంగు.

మన మాటల్లోనూ దశాంశాలున్నాయి. పావు 0.25, అర 0.5, ముప్పావు 0.75. ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటే అణాల కబుర్లు చెప్పించండి. 1957 ఏప్రిల్ 1న మన దేశం రూపాయికి వంద నయాపైసల పద్ధతికి మారింది. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. నాలుగణాలను పావలా అన్నది అందుకే. పదితో, వందతో భాగించడం లెక్కను ఎంత తేలిక చేసిందో ఆ కబుర్లే చెబుతాయి.

చుక్క ఉన్నంత మాత్రాన దశాంశం కాదు

పిల్లల్ని గందరగోళపెట్టే చుక్కలు మన చుట్టూ చాలా ఉన్నాయి. వీటి గురించి ముందే మాట్లాడితే మంచిది.

క్రికెట్: స్కోరు బోర్డు మీద 18.4 ఓవర్లంటే 18 ఓవర్లు, 4 బంతులు. ఓవర్‌కు ఆరే బంతులు కాబట్టి 18.5 తర్వాత వచ్చేది 19. నిజమైన దశాంశంలో అయితే 18.6, 18.7 కూడా ఉంటాయి.

గడియారం: బస్సు 1.30కి అంటే ఒంటిగంటన్నరకు. కానీ 1.5 గంటల ప్రయాణం అంటే గంటన్నర. గంటకు అరవై నిమిషాలు కదా!

డబ్బు: 2.5 రూపాయలంటే రెండు రూపాయల అయిదు పైసలనుకునే పిల్లలున్నారు. అది రెండు రూపాయల యాభై పైసలు. అయిదు పైసలైతే 2.05.

ఎత్తు: దీనితో ఓపీలో నాకే ఇబ్బంది. 5 అడుగుల 10 అంగుళాల మనిషి తన ఎత్తు ‘5.10’ అని రాస్తాడు. ఫోన్లోని బీఎంఐ యాప్ దాన్ని 5.1 అడుగులుగా తీసుకుంటుంది. 178 సెంటీమీటర్ల మనిషి 155 సెంటీమీటర్లకు తగ్గిపోతాడు. బరువు 70 కిలోలైతే అసలు బీఎంఐ 22. యాప్ చూపేది 29. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊబకాయం వచ్చిందని దిగులుతో వస్తాడు. ఎత్తును సెంటీమీటర్లలో రాసుకోవడమే మంచి మార్గం.

ముందు అంచనా, తర్వాత లెక్క

నాయనమ్మ చేసిన పని ఇదే. మీ పిల్లలకూ ప్రతి లెక్కకు ముందు ‘‘సుమారు ఎంత రావచ్చు?’’ అని అడగడం అలవాటు చేయండి. 3.2 × 4.9 ఉందనుకోండి. మూడు అయిదులు పదిహేను. జవాబు పదిహేనుకు దగ్గర్లో ఉండాలి. 15.68 వస్తే సరే, 156.8 వస్తే చుక్క తప్పిందన్నమాట. స్థానాలు లెక్కపెట్టి చుక్క పెట్టే సూత్రం మర్చిపోయినా అంచనా కాపాడుతుంది.

కూడికలో పిల్లలు సంఖ్యలను కుడివైపు చివరకు సర్ది రాస్తారు. 3.5 + 12 + 0.75 అంటే చుక్క కింద చుక్క రావాలి. 12 చివర చుక్క ఉందనుకుని 12.00గా, 3.5ను 3.50గా రాస్తే వరుస కుదురుతుంది. జవాబు 16.25.

గుణిస్తే పెరగాలి, భాగిస్తే తగ్గాలి అన్న నమ్మకం మరో చిక్కు. 0.4 × 0.3 అంటే 0.4లో పదింట మూడు వంతులు మాత్రమే తీసుకోవడం. అందుకే 0.12 అయింది. భాగహారానికి మందు సీసానే ఉదాహరణ: 15 మి.లీ. సీసాలోంచి 0.5 మి.లీ. చొప్పున ఇస్తే ఎన్ని డోసులు? 15 ÷ 0.5 = 30. చిన్న చిన్న వాటాలు చేస్తే ఎక్కువ వాటాలే వస్తాయి.

కడుపునొప్పి నాటకం కాదు

లెక్కల పుస్తకం తీయగానే కడుపునొప్పి అనే పిల్లల్ని ‘వేషాలు’ అని తిట్టకండి. భయపడినప్పుడు విడుదలయ్యే హార్మోన్లు పేగుల కదలికల మీదా ప్రభావం చూపుతాయి. నొప్పి నిజంగానే ఉంటుంది. పైగా లెక్క చేస్తున్నప్పుడు అంకెలను కాసేపు గుర్తు పెట్టుకోవడానికి మెదడుకు కొంత జాగా కావాలి. భయం ఆ జాగాను ఆక్రమిస్తుంది. మనం అరిచేకొద్దీ తెలిసిన లెక్క కూడా రాకపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగిన ఓ అధ్యయనం 2015లో వెలువడింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కులో సాయం చేస్తే, ఆ ఏడాదిలో పిల్లలు తక్కువ లెక్కలు నేర్చుకున్నారు, వాళ్లలో భయమూ పెరిగింది. ‘నాకూ లెక్కలు రావు’, ‘మన ఇంట్లో ఎవరికీ రాలేదు’ అనే మాటలు పిల్లల ముందు వద్దు. అలసిపోయి ఉంటే ముందు టీ తాగి, కాసేపు కూర్చుని, తర్వాత పుస్తకం ముట్టుకోండి. ఇరవై నిమిషాలకోసారి లేవనివ్వండి. అయినా రాకపోతే ‘ఈ లెక్క అర్థం కాలేదు’ అని టీచర్‌కు రాసి పంపండి. మీరే చేసి పెడితే, అర్థం కాలేదన్న సంగతి టీచర్‌కు తెలియదు.

ఇవి కూడా చూడండి:

• బోర్డు మీది లెక్కను చుక్క లేకుండా రాసుకొస్తున్నారా? పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారా? కంటి పరీక్ష చేయించండి. కొందరికి లెక్క రాక కాదు, చుక్క కనిపించక తప్పవుతుంది.

• 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు కూర్చోబెట్టి చేయించే లెక్క తలకెక్కదు.

• నొప్పికి రాత్రి నిద్రలోంచి లేవడం, వాంతులు, జ్వరం, మలంలో రక్తం, బరువు తగ్గడం ఉంటే అది హోంవర్కు నొప్పి కాదు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

• వయసుకు తగ్గ చిన్న కూడికలు, రోజువారీ చిల్లర లెక్కలు, గడియారం చూడటం కూడా ఏళ్ల తరబడి కష్టంగానే ఉంటే డిస్కాల్కులియా కావచ్చు. తెలివితేటలకు, దీనికి సంబంధం లేదు. పిల్లల డాక్టర్‌ను, సైకాలజిస్టును కలవండి. ఇలాంటి అభ్యసన లోపాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

మందు సీసా దగ్గర మన హోంవర్కు

• చీటీలో చుక్క ముందు సున్నా ఉండాలి: 0.5. చుక్క తర్వాత అక్కర్లేని సున్నా ఉండకూడదు: 5.0 అని రాస్తే 50గా కనిపించవచ్చు. అనుమానం వస్తే డాక్టర్‌ను అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు.

• మి.లీ. వేరు, మి.గ్రా. వేరు. మి.లీ. మందు ఎంత పోయాలో చెబుతుంది, మి.గ్రా. అందులో ఔషధం ఎంత ఉందో చెబుతుంది.

• పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లు 5 మి.లీ.కు 125 మి.గ్రా. ఉన్నవీ, 250 మి.గ్రా. ఉన్నవీ దొరుకుతాయి. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. ఇవ్వాలంటే చుక్కల మందు 1.5 మి.లీ., మొదటి సిరప్ 6 మి.లీ., రెండోది 3 మి.లీ. సీసా మారితే కొలతా మారుతుంది. పాత కొలతతో కొత్త సీసా వాడొద్దు.

• వంటింటి చెంచాతో కొలవద్దు. సీసాతో వచ్చిన డ్రాపర్, కొలత మూత, లేదా సూది లేని సిరంజి వాడండి. ఒక మందు డ్రాపర్‌తో మరో మందు కొలవద్దు.

• ఇద్దరు చదవండి. ఒకరు చీటీ చదివితే మరొకరు సీసా చూడాలి. డ్రాపర్ ఒకటికన్నా ఎక్కువసార్లు నింపాల్సి వస్తోందంటే ఆగి మళ్లీ చూడండి.

• పెద్దల మందులకూ ఇదే. థైరాయిడ్ మాత్రల్లో 12.5 మైక్రోగ్రాములవీ ఉన్నాయి, 125 మైక్రోగ్రాములవీ ఉన్నాయి. షాపులో తీసుకోగానే చుక్క చూసుకోండి.

• పొరపాటున ఎక్కువ వేస్తే లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ ఎక్కువైనా మొదటి రోజు బిడ్డ మామూలుగానే ఉండవచ్చు. సీసా, చీటీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

ఇప్పుడు మా ఇంట్లో హోంవర్కు టీ తర్వాతే. మొన్న మా అమ్మాయి ఓ గుణకారంలో 156.8 అని రాసి, పెన్ను ఆపింది. ‘‘మూడు అయిదులు పదిహేనే కదమ్మా... ఇంత రాదే!’’ అంటూ తనే చుక్కను ఒక స్థానం ముందుకు జరిపింది. నేనేమీ అనలేదు. గుణిస్తే జవాబు తగ్గుతుందంటే మాత్రం ఇంకా నమ్మడం లేదు. దానికి ఈ ఆదివారం మళ్లీ వంద గళ్ల కాగితం గీయాలి.